తొట్టి ఎంత, ఎడం ఎంత: హైదరాబాద్‌లో ఒక బాల్కనీ హైడ్రోపోనిక్స్ కేస్ స్టడీ

ఇంట్లో హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటిలో మొక్కలు పెంచడం) మొదలుపెట్టాలనుకునేవారు నన్ను ముందుగా అడిగేది "ఎన్ని మొక్కలు పడతాయి?" అని. అమ్మేవారూ మొక్కలు పెట్టే రంధ్రాల లెక్కే చెబుతారు, కొనేవారూ అదే చూసుకుంటారు. నేను మాత్రం ప్రతి ఇంట్లోనూ వేరే ప్రశ్నతో మొదలుపెడతాను. కోతకు ముందు చివరి వారంలో, ఆ ఇంటికి వచ్చే గట్టి ఎండలో, ఈ మొక్క రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతుంది? అప్పటికి ఆకు ఎంత వెడల్పున పరుచుకుంటుంది? నీళ్ళ లెక్క తొట్టి పరిమాణాన్ని చెబుతుంది, ఆకు లెక్క ఎడాన్ని చెబుతుంది. నాలుగు ఆకుల నారును చూసి నిర్ణయించుకుంటే రెండూ తప్పిపోతాయి. దీన్ని చాలా ఇళ్ళలో చూశాను. వాటిలో బాగా కొలతలు తీసుకోగలిగిన ఒక ఇంటి సంగతి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు, అయిదో అంతస్తు. తూర్పు బాల్కనీ 12 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు. ఉద్యోగాలవల్ల తోట పని ఎక్కువగా అత్తగారిమీదే పడింది, ఆవిడకూ అది ఇష్టమే. చలికాలం మొదట్లో రెడీమేడ్ కిట్ ఒకటి కొన్నారు. ఇనుప స్టాండు మీద ఒకదానిపై ఒకటి నాలుగు పీవీసీ పైపులు, ఒక్కొక్కటి 4 అంగుళాల లావు, 180 సెంటీమీటర్ల పొడవు. ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక రంధ్రం, మొత్తం 48. అడుగున 40 లీటర్ల ట్యాంకు, అందులో చిన్న పంపు. పాలకూర, కొత్తిమీర, లెట్యూస్, గోంగూర, పుదీనా అన్నీ అందులోనే వేశారు. జనవరిలో నాలుగు టమాటా మొక్కలు కూడా చేర్చారు. ఫిబ్రవరి దాకా అంతా కళకళలాడింది. మార్చి చివరికి పాలకూర ఆకుల అంచులు మాడడం, లెట్యూస్ పూతకు వచ్చి చేదెక్కడం, కింది పైపు మూత దగ్గర నీళ్ళు పొర్లడం మొదలయ్యాయి. ఏప్రిల్‌లో నన్ను పిలిచారు.

"పొద్దున నింపితే మర్నాటికి ఇంత దిగిపోతోంది. ఎక్కడో కారుతోందేమో చూడు బాబూ" అన్నారు అత్తగారు.

కారడం లేదు. ట్యాంకు పక్కన కాగితపు టేపు అంటించి, నీటి మట్టం దగ్గర పెన్సిలుతో గీత పెట్టాను. మర్నాడు అదే వేళకు ఆ గీత దాకా నింపడానికి ఎన్ని నీళ్ళు పట్టాయో కొలిచిన జగ్గుతో పోసి రాసుకోమన్నాను. 14 లీటర్లు. ఆ తరువాతి రోజూ దాదాపు అంతే. ఇంతకంటే చవకైన, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష ఈ పనిలో మరొకటి లేదు. మీటర్లు కొనకముందే ఈ టేపు అంటించమని అందరికీ చెబుతాను.

ఇప్పుడు ఆ వ్యవస్థలో నిజంగా ఎన్ని నీళ్ళున్నాయో చూద్దాం. 4 అంగుళాల పైపు నిండుగా ఉంటే మీటరుకు సుమారు 8.5 లీటర్లు పడతాయి. కానీ ఇలాంటి కిట్లలో నీళ్ళు పైపు ఎత్తులో మూడో వంతు దాకానే నిలుస్తాయి. గుండ్రని పైపులో మూడో వంతు ఎత్తు అంటే మూడో వంతు నీళ్ళు కాదు, అడుగున ఇరుకు కాబట్టి అంతకంటే తక్కువ. మీటరుకు రెండున్నర లీటర్లు మాత్రమే. నాలుగు పైపుల్లో కలిపి 18 లీటర్లు, ట్యాంకులో 40, వెరసి 58. దాన్ని 48 మొక్కలకు పంచితే తలా 1.2 లీటర్లు. చలికాలంలో చిన్న ఆకుకూరలకు ఇది సరిపోయింది. ఏప్రిల్‌లో అదే నీటినుంచి రోజుకు 14 లీటర్లు పోతున్నాయి. అంటే వ్యవస్థలోని నీటిలో దాదాపు పావు వంతు ప్రతిరోజూ ఆవిరై ఆకుల్లోంచి వెళ్ళిపోతోంది.

నీళ్ళు తగ్గడం సమస్యలో సగమే. ఎండ వేళ మొక్క నీళ్ళు తాగినంత వేగంగా లవణాలు తీసుకోదు, అందువల్ల మిగిలిన ద్రావణం చిక్కబడుతుంది. ఆ చిక్కదనాన్ని ఇసి (విద్యుత్ వాహకత) కొలిచే మీటరు చెబుతుంది. 58 లీటర్ల ద్రావణం 1.4 ఇసితో మొదలైందనుకోండి. లవణాలు అసలు ఖర్చు కాలేదనుకుంటే, ఒక రోజుకు అది 1.85 అవుతుంది. ఈ కుటుంబం శుక్రవారం సాయంత్రం ఊరెళ్ళి ఆదివారం సాయంత్రం తిరిగొస్తే, 28 లీటర్లు పోయి 30 మిగులుతాయి, ఇసి 2.7కు చేరుతుంది. మొక్కలు కొంత తీసుకుంటాయి కాబట్టి నిజంలో అంత ఉండదు. అలాంటి ఒక ప్రయాణం తరువాత మీటరు 2.4 చూపించింది. లెట్యూస్‌కు ఒకటి, ఒకటింబావు చాలు. పాలకూర రెండు దాకా తట్టుకుంటుంది. టమాటాకు 2 నుంచి 3.5 వరకూ హాయిగానే ఉంటుంది. అందుకే నాలుగు టమాటాలూ పచ్చగా నిగనిగలాడుతుంటే పక్కనున్న పాలకూర అంచులు మాడాయి. అదే మొక్కలు 150 లీటర్ల నీటిమీద ఉంటే, అదే రెండు రోజుల్లో, అదే లెక్కన, ఇసి 1.4 నుంచి 1.7కు మాత్రమే వెళ్ళేది. తొట్టి పెద్దదైతే కలిగే లాభం ఇదే. రోజులో జరిగే మార్పు చిన్నదవుతుంది, మనిషికి వ్యవధి దొరుకుతుంది.

వేడి సంగతి కూడా అంతే. మధ్యాహ్నం రెండింటికి పై పైపులో థర్మామీటరు పెడితే 34 డిగ్రీలు. సాధారణ పీడనంలో 25 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 34 డిగ్రీలకు అది 7 దగ్గరకు పడిపోతుంది. వేడికి వేళ్ళ శ్వాస పెరుగుతుంది కాబట్టి అవసరం ఎక్కువై, సరఫరా తక్కువవుతుంది. పిథియం అనే వేరుకుళ్ళు తెగులుకు ఇంతకంటే అనువైన చోటు లేదు. నెట్ పాట్ (రంధ్రంలో మొక్కను నిలిపే జల్లెడ గిన్నె) పైకెత్తి చూస్తే గోంగూర వేళ్ళు తెల్లగానే ఉన్నాయి. పాలకూర వేళ్ళు గోధుమరంగులోకి మారి, చేతివేళ్ళతో రాస్తే పైపొర జిగురుగా ఊడి వచ్చి, లోపల దారంలాంటి నరం మిగిలింది. రంగు ఒక్కటే చూసి కంగారుపడనవసరం లేదు, కొన్ని పోషకాలు వేళ్ళకు రంగు పట్టిస్తాయి. జిగురు, వాసన, ఊడిపోయే పొర, ఈ మూడూ కనిపిస్తే మాత్రం అది కుళ్ళే.

కింది పైపు ఎందుకు పొర్లుతోందో చూద్దామని మూత విప్పాం. టమాటా వేళ్ళు పైపు అడుగంతా మెత్తని చాపలా పరుచుకుని, పుదీనా వేళ్ళతో కలిసి బయటికి వెళ్ళే గొట్టాన్ని పూర్తిగా మూసేశాయి. ఒక్క టమాటా వేరును నెమ్మదిగా లాగితే అటువైపున్న ఆరేడు రంధ్రాల దాకా కదిలింది.

పలచని నీటిపొరలో టమాటా పెరగదని కాదు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో అలన్ కూపర్ రూపొందించిన, వేళ్ళకింద పలచగా ద్రావణం పారించే ఎన్‌ఎఫ్‌టీ పద్ధతిలో టమాటా వాణిజ్యపరంగానే పండించారు. కానీ అక్కడ వాడినవి అడుగు చదునుగా ఉండే వెడల్పాటి కాలువలు, వెనక పెద్ద ట్యాంకులు. గుండ్రని పైపులో వేళ్ళన్నీ ఇరుకైన అడుగుకే చేరతాయి. పైపు ఆకుకూరల సరుకు. టమాటా, వంగ, కీర, పుదీనా దాని జోలికి పోకూడదని నా గట్టి అభిప్రాయం.

నాలుగు టమాటాలనూ తీసేయించి మళ్ళీ టేపు దగ్గర కొలిపించాను. రోజుకు 14 లీటర్లు పోయేది 6 అయింది. అంటే 48 మొక్కల్లో నాలుగే సగానికి పైగా తాగుతున్నాయి, ఒక్కొక్కటి సుమారు 2 లీటర్లు. మిగతా 44 కలిసి 6 లీటర్లు, తలా 140 మిల్లీలీటర్లు. ఈ రెండు అంకెల మధ్య 14 రెట్ల తేడా ఉంది. ఈ రెండు రకాల మొక్కలకూ ఒకే తొట్టి, ఒకే ఎడం ఎలా సరిపోతాయి?

కొత్త అమరిక

తొట్టి ఎంచుకోవడానికి నేను పాటించే లెక్క ఇది. ఆ మొక్క చివరి వారంలో రోజుకు తాగే నీటిని, ఇంటివాళ్ళు తోటను చూడకుండా ఉండగల రోజులతో గుణించాలి. ఆ మొత్తం తొట్టిలో సగానికి మించకూడదు. ఈ ఇంట్లో వారాంతం ఊరెళ్ళడం మామూలే కాబట్టి మూడు రోజులు అనుకున్నాం. టమాటాకు 2 లీటర్ల చొప్పున మూడు రోజులకు 6 లీటర్లు, కాబట్టి కనీసం 12 లీటర్ల ద్రావణం కావాలి. మే ఎండలకు మొక్క 3 లీటర్ల దాకా వెళ్ళవచ్చు, అప్పుడు 18 కావాలి. అందుకే 20 లీటర్ల బకెట్‌కు తగ్గలేదు. పెయింటు బకెట్లు దొరికాయి, లోపల బాగా కడిగి, బయట ముందు నల్ల రంగు, దానిమీద తెల్ల రంగు వేయించాం. నలుపు వెలుతురును ఆపుతుంది, తెలుపు వేడిని ఆపుతుంది. వెలుతురు సోకితే నాలుగు రోజుల్లో నాచు పడుతుంది. బకెట్‌కు ఒకే మొక్క. రెండు మొక్కలు పెడితే రెండింతలు కాయలు రావు, వేళ్ళు పెనవేసుకుని రెండూ అలసిపోతాయి. మిరపకు 12 లీటర్ల బకెట్ సరిపోయింది.

టమాటాలు నాలుగు వద్దు, రెండు చాలన్నాను. ఈ బాల్కనీకి ఎండ పదకొండు దాటితే ఉండదు. టమాటాకు ఆరు గంటల ఎండ లేకపోతే తీగ సాగుతుంది గాని కాపు పలచగా ఉంటుంది. రెండు మొక్కలకు 50 సెంటీమీటర్ల ఎడమిచ్చి, దారాలతో పైకి కట్టి, ఒంటి కాండంగా పెంచేలా పక్క పిలకలు తీసేయమన్నాం.

ఆకుకూరలకు 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న మూడు ప్లాస్టిక్ టబ్బులు తెచ్చాం. లోతు 20 ఉన్నా నీళ్ళు 15 దాకానే, అంటే 36 లీటర్లు. ఇక్కడ బరువు గురించి చెప్పాలి. నీళ్ళు 15 సెంటీమీటర్ల లోతుంటే చదరపు మీటరుకు 150 కిలోలు. మన దేశంలో భవనాల మీద పడే బరువులకు సంబంధించిన ఐఎస్ 875 ప్రమాణంలో, మనుషులు తిరిగే డాబాకు లెక్కలోకి తీసుకునేది దాదాపు అంతే, చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. ఇళ్ళ బాల్కనీలకు 300 దాకా తీసుకుంటారు. కాబట్టి డాబా అంతా లోతైన టబ్బులతో నింపాలనుకునేవారు ముందు ఇంజనీరును అడగాలి. బాల్కనీలోనైనా బరువైన టబ్బులు గోడవైపు, తేలికైన పైపులూ బకెట్లూ రెయిలింగు వైపు ఉండాలి. ఇక్కడ అలాగే పెట్టాం.

టబ్బుల మీద మూతలుగా థర్మాకోల్ పలకలు కోసి పెట్టాం, అంచులమీద ఆనేట్టు. పలక నీటిమీద తేలితే మట్టం తగ్గినకొద్దీ అదీ దిగుతుంది, వేళ్ళకు గాలి అందదు, ఎయిర్ పంపు తప్పనిసరి అవుతుంది. పలక అంచుమీద నిలబడితే నీళ్ళు దిగేకొద్దీ మధ్యలో గాలి ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలో వేళ్ళు నూగులా అల్లుకుని గాలినుంచే ఆక్సిజన్ తీసుకుంటాయి. హవాయి విశ్వవిద్యాలయంలో బి.ఎ. క్రాట్కీ చెప్పిన పద్ధతికి మూలం ఇదే. ఒక లెట్యూస్ మొక్క నాటిననాటినుంచి కోత దాకా సుమారు 4 లీటర్లతో సరిపెట్టుకుంటుందని ఆ పద్ధతిలో లెక్క. అత్తగారికి ఒక్క విషయం గట్టిగా చెప్పాల్సి వచ్చింది: నీళ్ళు తగ్గాయని మళ్ళీ అంచు దాకా నింపవద్దని. గాలికి అలవాటుపడ్డ వేళ్ళు మునిగితే మర్నాటికే మొక్క వాడుతుంది. తగ్గినదానిలో సగమే నింపాలి. వేసవిలో ఎలాగూ నీటిలోకి గాలి బుడగలు వదిలే చిన్న ఎయిర్ స్టోన్ ఒకటి పెట్టించాను, వేడి నీటిలో ఆ భరోసా అవసరం.

ఎడం విషయంలో ఒక్కో టబ్బుకూ ఒక్కో పలక. లెట్యూస్ పలకకు 20 సెంటీమీటర్ల ఎడంతో ఆరు రంధ్రాలు, మొక్కకు 6 లీటర్లు. పాలకూర పలకకు 10 సెంటీమీటర్ల ఎడంతో 24 రంధ్రాలు, మొక్కకు ఒకటిన్నర లీటరు. పాలకూరను మనం మొక్కగా ఎదగనివ్వం, అరచేతి పొడవుకు రాగానే బయటి ఆకులు కోస్తాం. కాబట్టి దానికి ఆ ఎడం చాలు. అదే పాలకూరను ఒకేసారి వేళ్ళతో సహా పీకి కట్ట కడతామంటే ఇంకా దగ్గరగా వేసుకోవచ్చు. ఎడం మొక్క పేరునుబట్టే కాదు, కోసే తీరునుబట్టి కూడా మారుతుంది. గోంగూర ఇందుకు మంచి ఉదాహరణ. లేతగా పీకేస్తే 10, 15 సెంటీమీటర్లు చాలు. నెలల తరబడి రెమ్మలు గిల్లుకుంటామంటే 30 ఇవ్వాలి, తలమీద కనీసం రెండడుగుల ఖాళీ ఉండాలి. ఈ ఇంట్లో పచ్చడికి రెమ్మలు గిల్లుకోవడమే అలవాటు.

త్రికోణపు అమరిక గురించి ఆ ఇంటాయన అడిగారు. ఒక సాలులోని మొక్క రెండో సాలులోని రెండు మొక్కల మధ్యకు వచ్చేలా నాటితే అదే ఎడంలో 15 శాతం ఎక్కువ మొక్కలు పడతాయన్నది నిజమైన లెక్కే. ఎకరాల్లో, పెద్ద షెడ్లలో అది పనికొస్తుంది. 60కి 40 టబ్బులో 20 సెంటీమీటర్ల ఎడంతో వేస్తే సాలుకూ సాలుకూ దూరం 17.3కు తగ్గుతుంది. అయినా మూడో సాలుకు చోటు రాదు, పైగా రెండో సాలు పక్కకు జరిగినందుకు ఒక మొక్క పోతుంది. చిన్న తొట్టిలో ఆ లాభమంతా అంచులకే పోతుంది. తిన్నని గళ్ళే మేలు.

రంధ్రాలు ఎక్కువ చేస్తే దిగుబడి పెరుగుతుందన్న ఆశ తీయడం కష్టం. ఆకులు ఒకదాన్నొకటి తాకి పైన మూతపడ్డాక, పడే ఎండ అంతే కాబట్టి, ఇంకెన్ని మొక్కలు వేసినా మొత్తం బరువు పెద్దగా పెరగదు. కాడలు సన్నగా సాగుతాయి, కింది ఆకులు పసుపుబారతాయి, గాలి ఆడక లెట్యూస్ లోపలి చిగుళ్ళకు కాల్షియం అందక కొసలు మాడతాయి. పేనుబంక ఆకు అడుగున చేరితే కనిపించదు. ఎడం ఇచ్చేది ఆకుకే కాదు, చేతికి కూడా. మొక్కల మధ్యకు చేయి పెట్టి ఆకు తిప్పి చూడగలిగితే తెల్లదోమను మొదటి రోజే పట్టుకోవచ్చు. నేను ఎడం సరిచూసేటప్పుడు కొలబద్ద పక్కనపెట్టి నా అరచేయి మొక్కల మధ్య దూర్చి చూస్తాను.

చోటు తక్కువని దిగులుపడేవారికి నా సలహా నారుమడి. లెట్యూస్‌కు విత్తనం నుంచి కోత దాకా ఆరేడు వారాలు పడితే, మొదటి రెండు మూడు వారాలు దానికి 20 సెంటీమీటర్లు అవసరమే లేదు. కొబ్బరిపొట్టు ట్రేలో 4, 5 సెంటీమీటర్ల ఎడంతో పెంచి, ఆకులు తాకుకోగానే టబ్బులోకి మార్చాలి. అప్పుడు టబ్బులోని ఒక్కో చోటు నాలుగు వారాలే వాడకంలో ఉంటుంది, ఒక పంట కోసేసరికి రెండో పంట నారు సిద్ధంగా ఉంటుంది. రంధ్రాలు పెంచకుండానే కోతలు పెరిగే దారి ఇది ఒక్కటే.

పాత స్టాండును పారేయలేదు. నాలుగు పైపుల్లో ఒకటి విడిచి ఒకటి తీసేస్తే రెండు మిగిలాయి, వాటి మధ్య ఎత్తు 25 నుంచి 50 సెంటీమీటర్లకు పెరిగింది. 24 రంధ్రాలకు అదే 40 లీటర్ల ట్యాంకు, పైపుల్లోని 9 లీటర్లు కలిపితే రంధ్రానికి 2 లీటర్లు వచ్చాయి. పై పైపులో ఒక రంధ్రం విడిచి ఒకటి వాడి గోంగూర వేశాం, అలా 30 సెంటీమీటర్ల ఎడం వచ్చింది. కింది పైపులో అన్ని రంధ్రాల్లో తోటకూర. పైపులో 15 సెంటీమీటర్ల ఎడం కాగితంమీద ఇరుకుగా కనిపించినా, రెండు పక్కలా వేరే సాలు లేదు కాబట్టి ఆకులు ముందుకూ వెనక్కూ పరుచుకుంటాయి. టబ్బులో అదే ఎడం ఇరుకు, పైపులో కాదు. పుదీనాకు మూడో టబ్బు పూర్తిగా ఇచ్చేశాం, మూడు మొక్కలే. అది ఎవరితోనూ సర్దుకోదు.

నీళ్ళ గురించి రెండు మాటలు. ఈ అపార్ట్‌మెంటు బోరు నీటికే ఇసి 0.9 ఉంది, పోషకాలు కలపకముందే. చిన్న తొట్టిలో రోజూ ఆ నీళ్ళే పోస్తుంటే మొక్కలకు అక్కరలేని లవణాలు పేరుకుంటాయి. కుళాయికి వచ్చే మున్సిపల్ నీటిని టబ్బులకు, బకెట్లకు కేటాయించమన్నాను. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్ళు వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. ఇక్కడా అడిగారు. వద్దు, వడపోతలో వెనక్కి తోసిన లవణాలన్నీ అందులోనే ఉంటాయి. ఇక దోమలు. మూతకూ టబ్బుకూ మధ్య సందు ఏది ఉన్నా సన్నని నైలాను వల అంటించి మూయాలి. నిలవ నీటి పద్ధతి ఇంట్లో పెట్టుకున్నవారు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. డెంగీ దోమ ఇలాంటి శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది.

మే నెల ఎలా గడిచిందంటే

50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టాక, టబ్బుల్లో నీరు మధ్యాహ్నం కూడా 30 డిగ్రీలు దాటలేదు. పైపుల ట్యాంకు రోజుకు 3, 4 లీటర్లకు మించి దిగలేదు. వారాంతం ఊరెళ్ళి వచ్చినా ఇసి 1.4 నుంచి 1.6 దగ్గరే ఆగింది. తోటకూర, గోంగూర, పుదీనా ఇంటికి సరిపోగా మిగిలాయి. పాలకూర మందగించినా అంచులు మాడలేదు. లెట్యూస్ టబ్బులో ఆ వేడికి లెట్యూస్ పెట్టే ప్రయత్నం చేయలేదు, అదే ఆరు రంధ్రాల పలకమీద బచ్చలి వేసి తీగలను రెయిలింగుకు ఎక్కించాం. కొత్తిమీర మేలో రాలేదు. రెండాకులు వేసి పూతకు వెళ్ళిపోయింది. వేడికి కొత్తిమీర తీరే అంత, తొట్టి మార్చి లాభం లేదు. టమాటాలు జూన్ రెండో వారంలో రాత్రుళ్ళు చల్లబడ్డాక మళ్ళీ పిందె పట్టాయి. కాయలు తక్కువే, ఎండ తక్కువ కాబట్టి.

అత్తగారు ఇప్పుడు ట్యాంకు నింపేది రెండు మూడు రోజులకు ఒకసారి. టేపు మీద గీతల పక్కన తేదీలు కూడా రాస్తున్నారు, నేను అడగకుండానే. నాకు ఈ కేసులో అన్నిటికంటే విలువైన కాగితం అదే. ఏ వారంలో ఏ టబ్బు ఎంత తాగిందో అందులో ఉంది. వచ్చే వేసవికి ఇంకో టబ్బు పెట్టాలా, ఉన్న ట్యాంకును 60 లీటర్లకు మార్చాలా అన్నది ఆ అంకెలు చూసి నిర్ణయిస్తాం. బచ్చలి అక్టోబరు మొదట్లో తీసేసి టబ్బు కడిగి, సెప్టెంబరు మూడో వారంలోనే ట్రేలో పోసిన లెట్యూస్ నారును అందులోకి మార్చాలని అనుకున్నాం. కొత్తిమీరకు మరో పలక 10 సెంటీమీటర్ల ఎడంతో కోసి ఉంచాం. ధనియాలను రెండు బద్దలుగా నలిపి నెట్ పాట్‌కు ఎనిమిది, పది చొప్పున వేయాలి.